చిత్తూరు పక్క నుంచి పోయిన జనరేషన్ షిప్: స్టార్ ట్రెక్, నటాల్ ఓడలు, ఒక డిట్టో గుర్తు

 

పోయినసారి స్టార్ ట్రెక్ ఎపిసోడ్ చివర్లో నేనొక మాట అన్నాను, గుర్తుందా? జనరేషన్ షిప్ అనేది మన తెలుగోళ్ళకి సంబంధం లేని ఊహ అని. ఆ మాట తప్పు. తప్పని డర్బన్ నుంచి ఒక ఆంటీ మెయిల్ పెట్టి మరీ చెప్పారు. సౌతాఫ్రికాలో మన ఇండియా వాళ్ళ ఇళ్ళల్లో పెద్దావిడ ఎవరైనా ఆంటీనే, అందుకని నేనూ అట్లే పిలుస్తా. రిటైరైన టీచర్. ఆమెకి తెలుగు రాదు. సబ్‌టైటిల్స్‌తో చూశారంట. ఆ మెయిల్‌తో పాటు ఒక పాత లిస్టులో ఒక లైన్ పంపారు. ఆ ఒక్క లైన్ వెనక నాకు నాలుగు నెలలు పోయినాయి. ఈ ఎపిసోడ్ ఆ నాలుగు నెలల కథ.

కొత్తగా చూసేవాళ్ళ కోసం ముందు జనరేషన్ షిప్ సంగతి రెండు ముక్కల్లో. సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, దూరం 4.24 కాంతి సంవత్సరాలు. మనిషి చేసిన వస్తువుల్లో భూమికి అన్నిటికంటే దూరం పోయింది వాయేజర్ 1. దాని వేగం సెకనుకి సుమారు 17 కిలోమీటర్లు. ఆ వేగంతో ప్రాక్సిమా అంత దూరం పోవాలంటే 75 వేల ఏళ్ళు పడుతుంది. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి మీరే చేసుకోండి. అంటే ఎక్కినోళ్ళు దిగరు. వాళ్ళ పిల్లలు ఓడలో పుట్టి ఓడలోనే పోతారు, మనవళ్ళు కూడా. ఎన్నో తరాల తర్వాత పుట్టిన ఎవరో దిగుతారు. 1941లో రాబర్ట్ హైన్‌లైన్ 'యూనివర్స్' అని ఒక కథ రాశాడు. అందులో జనం తాము ఓడలో ఉన్నామనే సంగతే మర్చిపోయి, ఆ ఓడే లోకం అనుకుంటా బతికేస్తుంటారు. తర్వాత టీవీ వాళ్ళు పట్టుకున్నది ఈ మరుపునే.

స్టార్ ట్రెక్‌లో దీని మీద ఒక ఎపిసోడ్ ఉంది, 1968 నవంబర్ 8న వచ్చింది. పేరు చాంతాడంత: 'ఫర్ ద వరల్డ్ ఈజ్ హాలో అండ్ ఐ హావ్ టచ్డ్ ద స్కై'. లోకం లోపల డొల్ల, నేను ఆకాశాన్ని తాకాను అని అర్థం. యొనాడా అని ఒక గ్రహశకలం. చూడ్డానికి రాయి, లోపల మాత్రం ఓడ. వాళ్ళ సూర్యుడు పేలిపోతాడని తెలిసి పూర్వీకులు జనాన్ని అందులో ఎక్కించి పంపించేశారు. పది వేల ఏళ్ళ ప్రయాణం. లోపల ఉన్నోళ్ళకి ఇది తెలియదు. పైన కనిపించేది నిజం ఆకాశమే అనుకుంటారు. కొండెక్కి ఆకాశాన్ని చేత్తో ముట్టుకున్న ఒక ముసలాయన ఆ మాట బయటికి చెప్తాడు, చెప్పిన కాసేపటికే చచ్చిపోతాడు. ఎందుకంటే అక్కడ ప్రతి మనిషి కణతలో ఒక చిన్న పరికరం ఉంటుంది. అడగకూడని ప్రశ్న అడిగితే అది శిక్షిస్తుంది.

మా మేనమామ 1980ల్లో దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ చూసిన మనిషి. ఇంగ్లీషు సగం అర్థం కాకపోయినా చూసేవాళ్ళంట. "కథ ఎవురికి కావాలరా, ఆ ముగ్గురూ కొట్లాడుకునేది చూడ్డానికి కూచునేవాళ్ళం" అంటాడు. ముగ్గురంటే కెప్టెన్ కర్క్, స్పాక్, డాక్టర్ మెకాయ్. ఈ ఎపిసోడ్‌లో మెకాయ్‌కి మందు లేని జబ్బు, ఇంకొక సంవత్సరమే బతుకుతాడు. దాన్ని దాచిపెడతాడు. స్పాక్ ఎప్పుడూ మెకాయ్‌తో గొడవపడే మనిషి, మొహంలో ఏ భావమూ చూపించడు. విషయం తెలిసినప్పుడు ఒక్క మాట కూడా అనకుండా మెకాయ్ భుజం మీద చెయ్యి వేస్తాడు. అంతే. మా మామకి ఈ ఎపిసోడ్‌లో ఓడ గుర్తులేదు, ఆ చెయ్యి గుర్తుంది.

బ్రిటన్‌లో 'డాక్టర్ హూ' వాళ్ళు ఇంకా ముందే, 1966 మార్చిలో, 'ది ఆర్క్' అని నాలుగు భాగాల కథ చేశారు. భూమి అంతమైపోతుంటే మనుషులూ జంతువులూ ఒక ఓడలో 700 ఏళ్ళ ప్రయాణం. సెట్‌లోకి నిజం ఏనుగుని తెచ్చినారు. పలమనేరు, కుప్పం పక్కోళ్ళు నవ్వుకోండి, మనకి ఏనుగుని తెప్పించుకునే పని లేదు, అదే పొలంలోకి వస్తుంది. ఆ కథలో డోడో అనే అమ్మాయికి మామూలు జలుబు. ఆ ఓడలో జలుబుని జనం మర్చిపోయి తరాలైంది, తట్టుకునే శక్తి లేదు. ఒక తుమ్ముతో ఓడంతా పడిపోతుంది. ఈ జబ్బు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంకోటి 1973లో కెనడాలో వచ్చిన 'ది స్టార్‌లాస్ట్'. ఆర్క్ అనే ఓడ, అందులో ఒకదానికొకటి సంబంధం లేని డోములు, ఒక్కో డోములో ఒక్కో జాతి. డెవన్, రేచల్, గార్త్ అని ముగ్గురు ఒక తలుపు తీసి బయటపడతారు. రేచల్‌కి పెళ్ళి నిశ్చయమైంది గార్త్‌తో, ప్రేమ డెవన్ మీద. మామూలుగా అయితే అది మూడు గంటల సినిమా గొడవ. వీళ్ళు మాత్రం ముగ్గురూ కలిసే ఓడంతా తిరుగుతారు, ఎందుకంటే ఓడ ఒక నక్షత్రం వైపు పోతా ఉండాది, దాన్ని ఆపాలి. నిజం చెప్పాలంటే సీరియల్ బాగుండదు. దాన్ని సృష్టించిన హార్లన్ ఎల్లిసన్ తన పేరు వేసుకోవడానికి ఒప్పుకోక, మారు పేరు వేయించుకున్నాడు. 16 ఎపిసోడ్లకి ఆగిపోయింది. ఓడ గమ్యం చేరిందో లేదో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం ఆ ఆగిపోవడమే ఇష్టం.

సరే, డర్బన్ ఆంటీ దగ్గరికి వద్దాం. ఆమె రాసింది క్లుప్తంగా చెప్తే ఇది: "మీరు యొనాడా గురించి చెప్పింది విన్నాను. మేం అట్లాంటి ఓడలో నాలుగో తరం. ఎక్కిన చోటు మీ జిల్లానే అనుకుంటా. మా ముత్తాత లైన్ ఇది. ఊరు ఎక్కడో చూసిపెడతారా?"

ఇప్పుడు చరిత్ర. బోర్ కొట్టనివ్వను.

బ్రిటిష్ వాళ్ళ సామ్రాజ్యంలో బానిసత్వం 1830ల్లో పోయింది. చెరకు తోటలు మాత్రం పోలేదు. తోటకి మనుషులు కావాలి. దాంతో ఇండియా నుంచి ఒప్పందం మీద కూలీల్ని తీసుకుపోవడం మొదలైంది. మారిషస్, కరీబియన్ దీవులు, నటాల్, తర్వాత ఫిజి. అగ్రిమెంట్ అనే మాట నోళ్ళల్లో నలిగి గిర్మిట్ అయింది. నటాల్ అంటే ఇప్పటి సౌతాఫ్రికాలో డర్బన్ ఉండే ప్రాంతం. అక్కడికి మొదటి ఓడ పోయింది మన మద్రాసు నుంచే. పేరు ట్రూరో. 1860 అక్టోబర్‌లో బయల్దేరి నవంబర్ 16న డర్బన్ చేరింది, అందులో 342 మంది. పది రోజుల వెనక కలకత్తా నుంచి బెల్వెడేర్ అనే ఓడ వచ్చింది, దాంట్లో కలరా. దించకుండా విడిగా పెట్టారు. డోడో తుమ్ము చెప్పినాను కదా, అదీ సంగతి.

1860 నుంచి 1911 దాకా నటాల్‌కి పోయినోళ్ళు మొత్తం 1,52,184 మంది. దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఎక్కినోళ్ళే. మధ్యలో 1866లో ఆగి 1874లో మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత రెండేళ్ళకి మన రాయలసీమలో ఏమొచ్చిందో మీ ఇంట్లో పెద్దోళ్ళని అడగండి. ధాత కరువు. 1876 నుంచి 78 దాకా. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు పక్కన చెరువులు ఎండిపోతే మనిషి ఏం చేస్తాడు? మద్రాసు పోతాడు. మద్రాసులో ఒక మేస్త్రీ దొరుకుతాడు. అన్నం, బట్ట, నెలకి జీతం, ఐదేళ్ళు అంటాడు. ఎంత దూరం అని అడిగితే సరైన జవాబు రాదు.

ఆంటీ పంపిన లైన్ ఈ ఓడల లిస్టులోదే. ఈ లిస్టులు ఇప్పటికీ డర్బన్‌లో ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా, ఆ నంబరే ప్రైమరీ కీ. పేరు మారిపోతుంది, నంబరు మారదు. పాసుల మీద, కోర్టు కాగితాల మీద, చావు రిజిస్టరులో అదే నంబరు.

పేర్లు ఎట్లా మారినాయో చూడండి. నాయుడు నాయ్‌డూ అయింది. మునస్వామి మూన్‌సామీ అయి, వ్యక్తి పేరు కాస్తా ఇంటి పేరైపోయింది. ఈ రెండోది చూసి నేను లేచి కూచున్నాను. ముని అనే మాటతో పేర్లు మన పక్క ఎంత మందికి! మునెమ్మ, మునిరత్నం, మునెప్ప. మా క్లాసులోనే ముగ్గురు మునిలు. డర్బన్ ఫోన్ డైరెక్టరీలో ఆ పేరు వరసలు వరసలుగా ఉంటే, అవి మన వీధి నుంచి పోయినవే అనిపిస్తుంది. చిత్తూరు నుంచి ఆర్కాడు దాకా ఆ పేర్లు ఉన్నాయి కాబట్టి అంత గట్టిగా చెప్పకూడదు, కానీ అనిపిస్తుంది.

ఆంటీ లైన్‌లో జిల్లా నార్త్ ఆర్కాట్ అని ఉంది. నాకు వచ్చిన మొదటి అనుమానం, ఇది తమిళనాడు కదా, నాకెందుకు పంపారు అని. ఇక్కడే నేను మన జిల్లా చరిత్ర సరిగ్గా చదివింది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. నార్త్ ఆర్కాట్ నుంచి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు, కొన్ని జమీందారీలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి చేశారు. దానికి ముందు చిత్తూరు పట్నమే నార్త్ ఆర్కాట్‌కి హెడ్‌క్వార్టర్స్. నటాల్‌కి ఓడలు ఆగింది అదే సంవత్సరం జూలైలో. అంటే మధ్యలో మూడు నెలలు. నటాల్ లిస్టుల్లో చిత్తూరు జిల్లా అని వెతికితే ఇంచుమించు ఏమీ దొరకదు. మనోళ్ళు లేక కాదు, అప్పటికి ఆ పేరుతో జిల్లా లేదు కాబట్టి. మదనపల్లె మనిషి కడప అని ఉంటాడు, చంద్రగిరి మనిషి నార్త్ ఆర్కాట్ అని ఉంటాడు. మీలో ఎవరైనా వెతికి దొరకలేదని వదిలేసి ఉంటే మళ్ళీ మొదలుపెట్టండి. తిరుపతి అయితే ఇంకో తంటా. పాత ఇంగ్లీషు కాగితాల్లో దాన్ని ట్రిపెట్టి, ట్రిపట్టి అని రాసేవాళ్ళు. గుమాస్తా చేతిరాత బాగలేకపోతే అది తిరుపత్తూరు కూడా కావచ్చు.

తాలూకా చంద్రగిరి అని స్పష్టంగానే ఉంది. ఊరి పేరు మాత్రం ఎం అనే అక్షరంతో మొదలై, మధ్యలో సిరా మసకేసి, చివర్లో పేటో, పట్టో తెలియకుండా ఉంది. చెప్పేవాడు తెలుగులో చెప్పి ఉంటాడు, రాసేవాడు తమిళంలో విని ఇంగ్లీషులో రాసి ఉంటాడు. నేను ఇంజనీరు బుద్ధితో పోయినాను. ఊర్ల పేర్ల జాబితా తీసుకున్నా, పలికే తీరుని బట్టి పోల్చే చిన్న ప్రోగ్రాం రాసుకున్నా. 11 ఊర్లు వచ్చినాయి. ఇంత గొప్పగా చేసినానని రెండు రోజులు సంబరపడినాను కూడా.

ఇక్కడ కాసేపు ఆగి ఓడలోకి పోదాం, ఎందుకంటే నా పొరపాటు అక్కడే ఉంది.

మద్రాసు డిపోలో రోజుల తరబడి ఉంచేవాళ్ళు. డాక్టరు చూసేవాడు. వంద మంది మగవాళ్ళకి 40 మంది ఆడవాళ్ళు ఉండాలనేది రూలు. తర్వాత ఓడ. ట్రూరో లాంటి ఓడకి ఐదు వారాలు. వంట ఒక చోట. ఊర్లో ఉన్నప్పుడు ఎవరు ఎవరి చేతి నీళ్ళు తాగాలి, ఎవరు ఎక్కడ కూచోవాలి అని వెయ్యి లెక్కలున్న మనుషులు ఒకే గంగాళంలో ఉడికిన అన్నం తినాలి. మొదట్లో కొందరు తినకుండా మొండికేసేవాళ్ళు. ఎన్నాళ్ళు? ఆకలికి, సముద్రానికి కులం గుర్తుండదు. వాంతులు చేసుకునేవాడి తల పట్టుకున్న మనిషి ఎవరైతే వాడే అన్న. కలకత్తా ఓడల్లో దీనికి ఒక మాట పుట్టింది: జహాజీ భాయి. ఓడ అన్నదమ్ముడు. ఆడవాళ్ళయితే జహాజీ బహెన్. ఇదేదో ముద్దుగా పిలుచుకున్న పిలుపు కాదు. ట్రినిడాడ్, సురినామ్, ఫిజి, ఎక్కడ చూసినా ఓడ అన్నదమ్ముల పిల్లలు ఒకరినొకరు పెళ్ళి చేసుకునేవాళ్ళు కాదు, సొంత అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. మన పక్క మేనరికం అంటే పడిచచ్చే జనం కదా, మాకు పెళ్ళి కుదరని చుట్టరికం అంటే అది రక్తం కంటే గట్టిదని లెక్క.

దిగినాక ఏమైంది? తోటల వాళ్ళు వచ్చి పంచుకునేవాళ్ళు. నీకు యాభై మంది, నాకు ముప్పై మంది. భార్యాభర్తల్ని, పిల్లల్ని విడదీయకూడదని నియమం ఉండేది. స్నేహితులకి ఏ నియమమూ లేదు. ఓడలో ఒకే గంగాళంలో తిన్న ఇద్దరు ఇరవై మైళ్ళ దూరంలో పడతారు. తోట దాటి పోవాలంటే యజమాని రాసిచ్చిన పాసు కావాలి. పాసు లేకుండా దొరికితే జైలు. యొనాడాలో కణతలో పెట్టిన పరికరానికీ ఈ పాసు కాగితానికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

కొందరు అడుగుతారు: "బ్రో, ఐదు వారాల్లో దిగిపోయే ఓడ జనరేషన్ షిప్ ఎట్లా అవుతుంది?" దిగినారు సరే, చేరినారా? ఐదేళ్ళ ఒప్పందం, ఇంకో ఐదేళ్ళు అక్కడే ఉంటే ఊరికి తిరుగు టికెట్టు ఉచితం. కొంతమంది వచ్చినారు. వచ్చి, ఊర్లో ఎవరూ కలుపుకోక మళ్ళీ ఓడెక్కినోళ్ళు కూడా ఉన్నారు. ఉండిపోయినోళ్ళ మీద 1895 చట్టంతో ఏడాదికి మనిషికి మూడు పౌండ్ల పన్ను. కట్టు, లేదా మళ్ళీ ఒప్పందంలోకి రా, లేదా వెళ్ళిపో. 1913లో వేలమంది కూలీలు సమ్మెకి దిగి, గాంధీ జైలుకి పోయి, చివరికి 1914లో ఆ పన్ను పోయింది. అంటే ట్రూరో ఎక్కినోడి మనవడికి కూడా నువ్వు ఇక్కడివాడివి అని చెప్పిన దిక్కు లేదు. అందరితో సమానంగా ఓటు హక్కు వచ్చింది 1994లో. ట్రూరో ఎక్కినోళ్ళలో ఒక్కరు కూడా అప్పటికి లేరు. దీన్ని జనరేషన్ షిప్ అనకపోతే ఇంక దేన్ని అంటారో చెప్పండి.

ఆ ఓడలో ఏం మిగిలిందో కూడా చూడండి. భాష చాలావరకు పోయింది. ఆంధ్ర మహాసభ 1931లో పెట్టుకుని తెలుగు బడులు నడిపినారు, అయినా ఇంట్లో ఇంగ్లీషే నిలిచింది. 1996 రాజ్యాంగంలో ఆరో సెక్షన్‌లో కాపాడాల్సిన భాషల్లో మన భాష పేరుంది, లు ఉండాల్సిన చోట లె పడి తెలెగు అని. ఒక దేశ రాజ్యాంగంలో మన భాష ఉంది, అదీ అచ్చుతప్పుతో. ఏడవాలో నవ్వాలో తెలియదు. కానీ గుడి నిలిచింది. మౌంట్ ఎడ్జ్‌కూంబ్‌లో చెరకు తోటల మధ్య వినాయకుడి గుడి కట్టిన మేస్త్రి పేరు కిష్టప్ప రెడ్డి. ద్రౌపదమ్మ నిలిచింది. మన పక్క ధర్మరాజుల గుడి దగ్గర భారతం చెప్పి, తపసుమాను ఎక్కి, చివరి రోజు అగ్నిగుండం తొక్కుతారు కదా, నటాల్‌లో ద్రౌపదమ్మ, మారెమ్మ గుళ్ళ ముందు ఇప్పటికీ నిప్పుల మీద నడుస్తారు. ఆంటీ పంపిన వీడియో మా అవ్వకి చూపించినా. "ఇది ఏ ఊరి తిరణాల?" అనింది.

ఇక నా పొరపాటు. 11 ఊర్లలో మొదటి రెండింటికి బైక్ మీద పోయినాం, నేనూ మా మదనపల్లె వాడూ. బెంగళూరు పీజీలో నాలుగేళ్ళు నా రూమ్మేట్. ఒకే కుక్కర్, ఒకే ఊరగాయ జాడీ. మా ఇద్దర్నీ ఒకే రోజు పది నిమిషాల కాల్‌లో పంపించేశారు, కంపెనీ పేరు వద్దులే. అప్పటి నుంచి కెమెరా వాడు పడతాడు, నేను మాట్లాడతాను. మొదటి ఊర్లో మమ్మల్ని లోన్ రికవరీ వాళ్ళనుకున్నారు. రెండో ఊర్లో రచ్చబండ దగ్గర ఒక అవ్వ కూచుని ఉండింది. ఎనభై దాటి ఉంటాయి. కథంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది.

"ఒగడే పోయినాడా?"

లిస్టులో ఒక లైనే ఉంది అవ్వా అన్నా.

"ఒంటిగా తిరపతికే పోరు గదా నాయనా మనోళ్ళు. సముద్రం దాటి ఒగడే యాడికి పోతాడు? కూడా ఎవురు పోయినారో సూడు."

ఆ రాత్రి ఇంటికొచ్చి కూచున్నా. నా దగ్గర ఉన్నది ఎవరో టైపు చేసిన ఎక్సెల్ షీట్. ఆంటీ వాళ్ళ ముత్తాత కింది వరసలో ఊరి పేరు ఖాళీ. ఖాళీ ఉన్న వరసల్ని నా ప్రోగ్రాం మొదట్లోనే తీసి పారేసింది. అట్లా రాసింది నేనే. ఎందుకు ఖాళీ అని అసలు కాగితం ఫోటో పంపమని ఆంటీని అడిగినా. రెండు రోజులకి వచ్చింది. పెద్దది చేసి చూస్తే అక్కడ ఖాళీ లేదు. చిన్నగా డిట్టో గుర్తు. జిల్లా కింద డిట్టో, తాలూకా కింద డిట్టో, ఊరు కింద డిట్టో. టైపు చేసినవాళ్ళు గుర్తుని వదిలేశారు.

పక్క నంబరు మనిషి. అదే ఊరు. వయసు రెండేళ్ళు తక్కువ. కులం వేరు. ఏ కులాలో ఇక్కడ చెప్పను, ఒకరు ఊర్లో ఉండేవాళ్ళు, ఇంకొకరు ఊరి బయట ఉండేవాళ్ళు. ఆ కాలంలో ఒకే బావిలో చేద వేసే వీలు లేదు. అట్లాంటి ఇద్దరు కలిసి మద్రాసు దాకా నడిచి, డిపోలో ఒకరి వెనక ఒకరు నిలబడి పేర్లు రాయించుకున్నారు. ఊర్లో ఉండగానే స్నేహితులా, దారిలో అయినారా, లిస్టు చెప్పదు. తోటలు మాత్రం వేరే వేరే పడినాయి.

ఆ రెండో పేరు ఆంటీకి పంపినా. మామూలుగా వెంటనే జవాబిచ్చే మనిషి, మూడు రోజులు ఏమీ రాయలేదు. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వాళ్ళ చిన్నప్పుడు ఒక ఇల్లు ఉండేదంట. పెళ్ళయినా చావైనా ముందు ఆ ఇంటికి కబురు పోవాలి, తాంబూలం ముందు ఆ ఇంటి పెద్దకి ఇవ్వాలి. వాళ్ళతో పెళ్ళి సంబంధం మాత్రం మాట్లాడకూడదు. కులం వేరు కాబట్టి అని అందరూ అనుకునేవాళ్ళు. ఒకసారి ఆమె చిన్నపిల్లగా తాతని అడిగితే, "అన్నదమ్ముల పిల్లలకి పెళ్ళేంటి" అన్నాడంట. ఆమెకి అప్పుడు అర్థం కాలేదు, ఎవరూ విడమర్చి చెప్పలేదు. 1960ల్లో గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఇళ్ళు ఖాళీ చేయించి తలా ఒక దిక్కుకి తోలినప్పుడు వీళ్ళు చాట్స్‌వర్త్‌కి పోయినారు, ఆ ఇంటివాళ్ళు ఇంకెటో. తాత పోయినాక కబుర్లు కూడా ఆగిపోయినాయి. ఆ ఇంటి పేరు, నేను పంపిన పేరు ఒక్కటే.

ఆ మెసేజ్ నేనూ మా మదనపల్లె వాడూ కలిసి విన్నాం. వాడు కెమెరా ఆన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదురా అంటే, తుడిచే గుడ్డ యాడ పెట్టినావ్ అని అడిగినాడు. నేనూ ఇంకేం అనలేదు.

ఆంటీ ఆ ఇంటివాళ్ళ నంబరు పట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ళది ఐదో తరం, డర్బన్‌లోనే, కారులో ముప్పై నిమిషాలు. ఫోన్ ఎత్తిన కుర్రాడికి ఈ సంగతులేవీ తెలియదు. వాళ్ళ నాయనమ్మకి తెలుసు. ఫోన్ తీసుకుని ముందు అడిగింది, ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళకి పిలవలేదేంటని. వచ్చే నెల మూడో ఆదివారం వీళ్ళు ఆ ఇంటికి భోజనానికి పోతున్నారు.

ఊరు ఇంకా తేలలేదు. 11లో రెండు అయినాయి, తొమ్మిది మిగిలినాయి. బైక్ సర్వీసింగ్‌కి ఇచ్చినాం, రాగానే మూడో ఊరికి పోతాం. మీ ఇంట్లో కూడా నటాల్ పోయినాడు, మారిషస్ పోయినాడు, ఫిజి పోయినాడు అని ఎవరి మాటైనా అవ్వాతాతలు చెప్పి ఉంటే నాకు రాయండి. పేరు, ఊరు రాసినాక దాని కింద ఇంకో లైను కూడా రాయండి, కూడా ఎవరు పోయినారో.

ఉంటా మరి.